రిపోర్టు వైరాగ్యం

మన పెద్దలు వైరాగ్యాలు మూడన్నారు. పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం. మొదటిది శాస్త్రిగారు పుస్తకం మూసి లేచేదాకా ఉంటుంది. రెండోదాని గురించి నేను మాట్లాడితే మా ఆవిడ ఊరుకోదు. మూడోదాంట్లో మాత్రం నాకు మంచి అనుభవం ఉంది. గోదావరి గట్టున ఎవరినో సాగనంపి, "ఏముందండీ, ఇవాళ ఆయన, రేపు మనం" అనుకుంటూ మునిగి గట్టెక్కుతాం. టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి ఆ పోయినాయన స్థలం గజం ఎంత పలుకుతుందో లెక్క మొదలవుతుంది.

ఈ మూడింటికీ ఈమధ్య నేను నాలుగోది చేర్చాను. దాని పేరు రిపోర్టు వైరాగ్యం. ల్యాబ్ వాళ్ల కవరు చేతికందగానే మొదలవుతుంది. ఎప్పుడు పోతుందన్నది మాత్రం ఇంట్లో ఆడవాళ్ల చేతిలో ఉంది.

జరిగింది ఇంతే. మావాడు అమెరికా నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "నాన్నా, అరవైకి దగ్గరపడ్డారు, ఒకసారి అన్ని పరీక్షలూ చేయించుకోండి" అని పోరుతుంటే చేయించుకున్నాను. షుగరు లేదు, బీపీ ఫరవాలేదు, కొవ్వు మా వంశానికి తగినంతే ఉంది. ఈసీజీ కాగితం మీద మాత్రం ఓ మూల మిషను తనంతట తానే 'బోర్డర్‌లైన్' అని అచ్చేసింది. డాక్టరుగారు అది చూసి, "మిషను చాదస్తం లెండి, మీకేం లేదు. ఉప్పు తగ్గించి రోజూ కాస్త నడవండి" అని తరవాతి పేషెంటును పిలిచారు. నాకు డాక్టరు కంటే మిషను మీదే గురి కుదిరింది. మిషనుకు మొహమాటం ఉండదు కదా! సరిహద్దు అందంటే అవతల ఇంకో దేశం ఉన్నట్టే. ఆ దేశానికి వీసా అక్కర్లేదు, తిరుగు టికెట్టు దొరకదు.

ఆ రాత్రి నుంచి నాకు నిద్ర కరువైంది. ఎడమవైపు తిరిగి పడుకుంటే గుండె చప్పుడు వినిపించి భయం వేసేది. కుడివైపు తిరిగితే వినిపించక భయం వేసేది. ఓ రాత్రి మా ఆవిడను లేపి, "ఇక్కడ ఏదోలా ఉందే" అన్నాను. లైటు వేసి చూసింది. "అది పొట్టండీ. గుండె అక్కడికెప్పుడు దిగింది? రాత్రి పదింటికి పెసరట్ల మీద పెసరట్లు లాగిస్తే ఏదోలా ఉండక ఇంకెలా ఉంటుంది?" అని వాము చేతిలో పోసి, అటు తిరిగి పడుకుని, నిమిషంలో గుర్రు పెట్టింది. భర్త ప్రాణం సరిహద్దులో ఊగుతుంటే భార్య గుర్రు పెట్టడమా? సావిత్రి పుట్టిన దేశమేనా ఇది అని తెల్లారేదాకా బాధపడ్డాను.

భయం రాత్రుళ్లది. పగటిపూట దానికే వైరాగ్యమని పేరు పెట్టుకున్నాను. ఇంటికి రంగులు వేయించాలని మా ఆవిడ ఎప్పటి నుంచో అంటోంది. "ఎవరి కోసం ఈ రంగులు? ఎన్నాళ్లుంటాం?" అన్నాను గోడకేసి చూస్తూ. "మీ సంగతి తెలీదు గానీ నేనింకా చాన్నాళ్లుంటాను. నాకోసమే. ఆ లేత పసుపు డబ్బాలు తెప్పించండి" అంది. పండక్కి చొక్కా వద్దన్నాను. సరేనని ఆ డబ్బుతో తనకో చీర తెచ్చుకుంది. వైరాగ్యం వల్ల ఇంట్లో ఒకరికి లాభమేనని నాకు అప్పుడు తెలిసింది.

భోజనాల దగ్గర ఉపన్యాసాలు మొదలుపెట్టాను. అరణ్యపర్వంలో యక్షుడు ధర్మరాజును లోకంలో పెద్ద వింత ఏమిటని అడగడం, రోజూ జనం యముడి ఊరికి వెళ్తూనే ఉన్నా మిగిలినవాళ్లు తాము మాత్రం శాశ్వతమనుకోవడమే వింత అని ఆయన చెప్పడం, ఇదంతా చారు కలుపుకుంటూ వివరించాను. మా ఆవిడ ఓపిగ్గా విని, "ఆయన జవాబులు చెబితే పడిపోయిన తమ్ముళ్లు నలుగురూ లేచి కూర్చున్నారు. మీరు చెబుతుంటే భోజనానికొచ్చిన మా అన్నయ్య కూడా లేచి వెళ్లిపోయాడు. కాస్త తేడా గమనించండి" అంది.

భయం వేస్తే పుస్తకాల్లో దూరడం నాకు చిన్నప్పటి అలవాటు. చావు భయం మీద ఎర్నెస్ట్ బెకర్ అనే అమెరికన్ పండితుడు 1973లో 'ది డినయల్ ఆఫ్ డెత్' అని ఓ గ్రంథం రాశాడు. మనిషి చేసే పనుల్లో సగానికి సగం, అంటే కోటలు కట్టడం, గ్రంథాలు రాయడం, పేరు కోసం పాకులాడటం, అన్నీ 'నేను పోతాను' అన్న సంగతి మరిచిపోవడానికేనని ఆయన వాదన. చదువుతుంటే నా బతుకే కళ్లముందు కనపడింది. కాలనీ గుళ్లో నేను ఫ్యాను ఇప్పించి రెక్కల మీద పేరు రాయించింది ఎందుకో అర్థమైంది. తిరుగుతున్నంతసేపూ ఆ పేరు ఎవరికీ కనపడదన్నది వేరే సంగతి. ఆ బెకర్ 1974 మార్చిలో క్యాన్సర్‌తో కన్నుమూశాడు. రెండు నెలలకు ఆ పుస్తకానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఈ ముక్క చెబితే మా ఆవిడ, "అయ్యో పాపం, అంత బాగా రాసినాయనకే తప్పలేదు. చదివినవాళ్లకు మాత్రం తప్పుతుందా? ముందు అన్నం తినండి" అంది.

బెకర్ చెప్పింది నిజమా కాదా అని తేల్చడానికి తరవాత ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు పూనుకున్నారు. గ్రీన్‌బర్గ్, సాలమన్, పిజ్జిన్‌స్కీ. వాళ్లు 1989లో అచ్చువేసిన ఓ ప్రయోగం నన్ను కుర్చీలోంచి లేపింది. అరిజోనా రాష్ట్రంలో టూసాన్ ఊరి జడ్జీలు 22 మందిని తీసుకున్నారు. అందులో కొందరిచేత 'మీరు పోయినప్పుడు ఏమవుతుంది, ఆ ఆలోచన వస్తే మీకెలా ఉంటుంది' అన్న ప్రశ్నలకు జవాబులు రాయించారు. ఆపైన అందరికీ వ్యభిచారం కేసు ఒకటే ఇచ్చి బెయిలుకు ఎంత కట్టమంటారని అడిగారు. చావు గుర్తు చేయని జడ్జీలు సగటున 50 డాలర్లు అన్నారు. గుర్తు చేసినవాళ్లు 455 డాలర్లు అన్నారు! చావు తలపుకొస్తే మనిషి తన నమ్మకాలను, తన పద్ధతులను ఇంకా గట్టిగా పట్టుకుంటాడని, వాటిని దాటినవాళ్ల మీద కస్సుమంటాడని వాళ్ల సిద్ధాంతం. తను పోయినా తనవాళ్లూ తన పద్ధతులూ ఉంటాయన్నదే మనిషికి దిలాసా అట.

నేను ఎందుకు లేచానో చెప్పాలి. మా అపార్టుమెంటు సంఘానికి నేనే కార్యదర్శిని. సెల్లారులో అడ్డంగా బండి పెడితే యాభై రూపాయల జరిమానా రివాజు. రిపోర్టు వచ్చిన వారంలోనే మూడో అంతస్తు కుర్రాడికి నేను అయిదువందలు వేసి ఉన్నాను. బాల్కనీలో తడిబట్టలు ఆరేసినందుకు ఒకావిడకు నోటీసు కూడా ఇచ్చాను. కాఫీ అంటే ఫిల్టరు కాఫీయేనని, పొడి కలిపిచ్చేది కాఫీ కాదని వాదించి మా తోడల్లుడితో మాటలు మానేశాను. ఇవన్నీ నా తప్పులు కావు, మృత్యుస్పృహ ప్రభావం! టూసాన్ జడ్జీలూ నేనూ ఒకే జాతి అని మా ఆవిడకు గర్వంగా వివరించాను.

అక్కడితో ఆగితే బాగుండేది. తరవాతి పేజీ కూడా పైకి చదివాను. ఈమధ్య అమెరికాలో చాలా ప్రయోగశాలలు చేతులు కలిపి, ఆ ముగ్గురి సిద్ధాంతానికే చెందిన మరో పేరున్న ప్రయోగాన్ని మళ్లీ చేసి చూశాయట. మొదటిసారి వచ్చిన ఫలితం రాలేదట. ఎందుకు రాలేదని పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. మా ఆవిడ ముఖం వికసించింది. "అంటే చావు గుర్తొచ్చినంత మాత్రాన మనుషులు అలా అయిపోతారని నమ్మకం లేదన్నమాట. ఆ అయిదువందలు మీ సొంత బుద్ధేనండీ. వెళ్లి ఆ కుర్రాడికి తిరిగిచ్చి రండి" అంది. ఇచ్చి వచ్చాను. శాస్త్రం ముందుకు సాగుతున్నకొద్దీ భర్తల సాకులు తగ్గిపోతున్నాయి.

ఆ ఆదివారం టీవీలో 'యమలీల' వేశారు. భూలోకంలో తన పుస్తకం పారేసుకుని, దాన్ని వెతుక్కుంటూ దిగివచ్చి హిమక్రీముల రుచి మరిగిన యముణ్ణి చూసి కడుపుబ్బ నవ్వాను. నవ్వాక గుర్తొచ్చింది, ఈయన గురించేగా నేను రాత్రుళ్లు నిద్రపోవడం లేదు! మన సినిమావాళ్లు యముణ్ణి ఊరికే వదల్లేదు. 1960లో 'దేవాంతకుడు'లో ఎస్వీ రంగారావు యముడు. ఆ తరవాత 1977లో 'యమగోల', 1988లో 'యముడికి మొగుడు', 1994లో 'యమలీల', మూడింటిలోనూ కైకాల సత్యనారాయణే. 2007లో 'యమదొంగ'కు మోహన్‌బాబు వచ్చారు. ఈ సినిమాల్లో చాలావాటిలో పైలోకంలో ఏదో పొరపాటు దొర్లుతుంది, పద్దులు తారుమారవుతాయి, హీరో అక్కడ నానా గొడవా చేస్తాడు. యమలోకాన్ని అచ్చం మన తాలూకాఫీసులా చూపించడంతో సగం భయం అక్కడే చచ్చిపోతుంది. పొరపాట్లు చేసే ఆఫీసు అయితే అర్జీ పెట్టుకోవచ్చుగా అన్న ఆశ పుడుతుంది. అంతటి కైకాల కూడా 2022 డిసెంబరులో వెళ్లిపోయారు. అక్కడ ఆయన్ను చూసి అసలాయన లేచి నిలబడే ఉంటాడని మా ఇంట్లో అందరి నమ్మకం.

ఇంట్లో అందరిలో మా అమ్మ కూడా ఉంది. ఎనభై దాటింది. చావు గురించి నేను చదివిన పుస్తకాలన్నీ ఒక ఎత్తు, మా అమ్మ ట్రంకు పెట్టె ఒక ఎత్తు. అందులో అడుగున గంధం రంగు, జరీ అంచు పట్టుచీర ఒకటుంది. అది అమ్మ ఆఖరి ప్రయాణానికి. ఏటా ఎండాకాలం దాన్ని తీయించి నీడన ఆరేయించి, మడతలు మార్పించి మళ్లీ పెట్టిస్తుంది. "ఆ రోజు హడావుడిలో ఏదో పాత నేతచీర చుట్టి పంపేరు. మీ నాన్నగారు గుర్తుపట్టలేరు" అంటుంది కోడలితో. పన్నెండో రోజు భోజనాల్లో ఏమేం చెయ్యాలో కూడా చెప్పేసింది. గారెలు గట్టిగా వస్తే ఊరుకోనంది. ఎలా ఊరుకోదో అడగడానికి మాకు ధైర్యం చాల్లేదు.

నాన్నగారు తపాలా శాఖలో చేశారు కాబట్టి అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. ఏటా ఒకసారి తను బతికే ఉన్నానని సర్కారుకు చెప్పుకోవాలి. పూర్వం బ్యాంకుదాకా రిక్షాలో తీసుకెళ్లేవాణ్ణి. 2014లో 'జీవన్ ప్రమాణ్' వచ్చాక వేలిముద్రలైంది. అమ్మ వేళ్లు అరిగిపోయి ముద్ర పడేది కాదు. ఇప్పుడు ఫోను ఎదుట ముఖం పెడితే చాలు. మొన్న నవంబరులో నేను ఫోను పట్టుకుని, "కళ్లార్పమ్మా" అన్నాను. "కళ్లార్పితే బతికున్నట్టా?" అంది. "సర్కారు లెక్కలో అంతేనమ్మా." "ఇంత సుళువని తెలిస్తే మీ నాన్నగారికి కూడా చెప్పేదాన్ని" అని పకపకా నవ్వింది. ఫోను ఆ నవ్వును ఒప్పుకోలేదు, మళ్లీ తీయాల్సి వచ్చింది.

చావుకు ఇంత దగ్గరగా ఉన్న మనిషి ఇంత హాయిగా ఉండటమేమిటి, మిషను అచ్చేసిన ఒక్క ముక్కకు నేనిలా అయిపోవడమేమిటి? దీనికీ పుస్తకాల్లో జవాబు దొరికింది. చావు భయం నడివయసులో ముదిరి, ముసలితనంలో తగ్గుముఖం పడుతుందని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. స్టాన్‌ఫర్డ్‌లో లారా కార్‌స్టెన్సన్ అనే ఆవిడ వయసుతో మనసు ఎలా మారుతుందన్నదాని మీద చాలా ఏళ్లు పనిచేశారు. మిగిలిన కాలం తక్కువని తెలిసినకొద్దీ మనిషి అక్కర్లేని పరిచయాలు, పోటీలు వదిలేసి, తనకు కావలసిన నలుగురితో, మనసుకు నచ్చిన పనులతో గడుపుతాడట. మా అమ్మ నా ఉపన్యాసం మొదలవగానే చెవి మిషను తీసి పక్కన పెట్టేది ఇందుకేనన్నమాట! 2017లో అచ్చయిన ఇంకో పరిశోధన మరీ వింత. నిజంగా జబ్బుతో చావుకు దగ్గరపడినవాళ్లు రాసుకున్న మాటలను, ఆ స్థితిలో ఉన్నట్టు ఊహించుకుని మామూలు మనుషులు రాసిన మాటలతో పోల్చి చూశారు. నిజంగా పోతున్నవాళ్ల రాతల్లోనే సంతోషం ఎక్కువ కనిపించింది. ఊహించుకున్నవాళ్లే ఏడుపుగొట్టు రాతలు రాశారు. అంటే చావు అంత చెడ్డదేం కాదు, దాని రిహార్సలే చెడ్డది. నేను ఇన్నాళ్లూ చేస్తున్నది ఆ రిహార్సలే.

దాన్ని ఆపించింది మాత్రం ఏ పరిశోధనా కాదు. ఓ సాయంత్రం నేను మామూలుగానే, "నేను పోయాక..." అని మొదలుపెట్టాను. మా ఆవిడ కందిపప్పు చేట పక్కన పెట్టి, "ఒక్క నిమిషం ఆగండి. పోతాను పోతానని ఇన్నాళ్ల నుంచీ చెబుతున్నారు. పోయాక నేనేం చెయ్యాలో ఒక్క ముక్కైనా చెప్పారా? లాకరు తాళంచెవి ఎక్కడుంది? బ్యాంకు పాస్‌వర్డేమిటి? మీ షేర్లేవో ఉన్నాయంటారు, అవెక్కడ?" అంది. వైరాగ్యానికి ఇన్ని ప్రశ్నలుంటాయని ఉపనిషత్తుల్లో కూడా లేదు. నచికేతుడు సైతం యముణ్ణి లాకరు తాళం గురించి అడగలేదు.

బీరువాలోంచి ఫైళ్లు దించాం. దుమ్ముతో పాటు నా చరిత్ర కూడా బయటపడింది. పెళ్లికి ముందు తీసుకున్న బీమా పాలసీలో నామినీగా మా తమ్ముడి పేరుంది. పెళ్లయి ముప్ఫై ఏళ్లు దాటింది. ఆ కాగితం చేతిలో పట్టుకుని మా ఆవిడ చూసిన చూపుతో నాకు మృత్యుభయం పూర్తిగా పోయింది. దాని స్థానంలోకి ఇంకా పెద్ద భయం వచ్చింది. గాభరాగా, "తమ్ముడు నామినీ అయితే డబ్బు అందుకునే చెయ్యి మాత్రమేనే! అసలు హక్కు వారసులదేనని బీమా కేసులో సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది" అన్నాను. "అంటే మీరు పోయాక నేను మీ తమ్ముడి మీద సుప్రీంకోర్టుకు వెళ్లాలా?" అంది. మర్నాడు ఆఫీసు తెరిచేసరికి పేరు మార్పు ఫారంతో గుమ్మంలో నిలబడ్డాను. బ్యాంకు ఖాతాలకు 2025 నవంబరు నుంచి నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చట. "ఒక్కరు చాలు" అంది మా ఆవిడ. ఆ ఒక్కరు ఎవరని నేను అడగలేదు.

ఈ సంబరం చూసి అమ్మ కూడా వచ్చి కూర్చుంది. "నాకేదైనా అయితే గొట్టాలు గుచ్చి, గాజు గదిలో పడేసి, నెలల తరబడి లాగకండిరా" అంది. ఆ మాటనే కాగితం మీద ముందుగా రాసి పెట్టుకోవచ్చని 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఒప్పుకుందని, 2023లో దాన్ని సుళువు చేసి, ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఉంటే చాలందని చెప్పాను. "ఈ మాట చెప్పడానికి ఢిల్లీలో కోర్టు కావలసి వచ్చిందా? సరే, పెన్ను ఇలా తే" అంది.

ఆఖర్న మా ఆవిడ ఓ తెల్లకాగితం మీద నిలువు గీత గీసి, ఇంట్లో ఏ పని ఎవరు చూస్తున్నారో రాయడం మొదలుపెట్టింది. పాలు, కరెంటు బిల్లు, ఇంటి పన్ను, గ్యాసు, పనిమనిషి జీతం, అమ్మ మందులు, చుట్టాల పెళ్లిళ్ల చదివింపులు, మావాడి నాగాలు లేని ఫోన్లు, అన్నీ ఆవిడ వైపే పడ్డాయి. నా వైపు పడింది ఒకటే. ఇన్వర్టరు బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు పోయడం. నేను పోతే ఈ కొంప ఏమైపోతుందోనని రాత్రుళ్లు కుమిలినవాణ్ణి, ఏమీ అయిపోదని కాగితం సాక్షిగా తేలింది. సిగ్గుపడాలో సంతోషించాలో తెలీక దిక్కులు చూస్తుంటే, "బ్యాటరీ పనికి మాత్రం మీరుండాల్సిందేనండీ. నాకు ఆ మూతలు తీయడం రాదు" అంది మా ఆవిడ.

ఆ రాత్రి నిద్ర పట్టింది. ఏ వైపు తిరిగి పడుకున్నానో గుర్తు లేదు. దానికి కారణం బెకరూ కాదు, ధర్మరాజూ కాదు. నా చావు నా ఒక్కడి గొడవగా ఉన్నన్నాళ్లూ భయపెట్టింది. నలుగురిలో పెట్టి, ఫైల్లో పెట్టి, ట్యాగు కట్టాక అదీ ఇంటి పనుల్లో ఒకటైపోయింది. మృత్యువు గురించి నేను తేల్చుకున్న తత్వం ఇంతే. ఊరికే తలచుకుంటే జ్వరం, కూర్చుని ఏర్పాట్లు చేసుకుంటే నెమ్మది.

కాబట్టి అయ్యా, అమ్మా, ఒక్క మాట. విల్లు రాయడానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషను చేయిస్తే మంచిదే, చేయించి తీరాలని మాత్రం లేదు. మీ సంతకం, మీ ఎదుట ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఆ సాక్షులు మీ ఆస్తిలో వాటా రానివాళ్లయితే మేలు. తథాస్తు దేవతలు వింటారని వాయిదా వేయకండి, వాళ్లు వినేది విల్లు రాయనివాళ్ల మాటలు కూడా. ఈ ఆదివారమే రాసేయండి. సాక్షి ఒకరు తక్కువైతే నాకు కబురు పెట్టండి, వచ్చి సంతకం పెడతాను. కాఫీ మాత్రం ఫిల్టరుదే కావాలి.